జాలుగుట్ట హాజరు

గుట్టదారిలో కట్టిన ఫ్లెక్సీ మీద, చేతులు పైకెత్తి జాలుగుట్టను కంపెనీకి ఇచ్చేస్తున్న ఆడవాళ్ళం మేమే.

ముందుగా చూసింది మా అత్త కాశమ్మ. ఆమెకు చదువు రాదు కాబట్టి అక్షరాల జోలికి పోకుండా బొమ్మనే చూసింది. చూసి, నెత్తిమీది గంప దించి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఓ సుగుణా, గీండ్ల నువ్వు గూడ ఉన్నవే. నేను గూడ ఉన్న. పెండ్లికి పోయినట్టు ఎట్ల ఇకిలిస్తున్నమో చూడు. కింద ఏం రాసిన్రు?”

నేను ఏడో తరగతి దాకా చదివాను. అందరికీ వినబడేలా చదివాను. ‘గ్రామాభివృద్ధి కోసం జాలుగుట్టపై రాతి తవ్వకానికి ఏకగ్రీవంగా సమ్మతి తెలిపిన మహిళా సంఘాల తల్లులకు కృతజ్ఞతలు.’

మేం వచ్చింది సీతాఫలాలకు. కాయ కన్ను విచ్చే రోజులవి. గుట్టమీద కోసి, గడ్డిలో మాగేసి, గుజ్జు తీసి అమ్మడం మా గ్రామ సంఘం పని. ఊళ్ళో సగం పొయ్యిలు ఆ గుజ్జు మీదే వెలుగుతాయి. ఇప్పుడు ఫ్లెక్సీ వెనక జేసీబీ కొత్తగా దారి తోడేసింది. వేళ్ళతో సహా లేచిన చెట్లు, కన్ను తెరవని కాయలతోనే, పక్కకు కుప్పబడి ఉన్నాయి. పైన, మా బావులకు నీరిచ్చే జాలు ఊరే బండమీద తెల్లరంగుతో అడ్డగీతలు కొట్టి ఉన్నాయి.

కుర్చీలో కూర్చున్న కంపెనీ సూపర్‌వైజర్ చెయ్యి ఊపాడు. “పైకెళ్ళకండమ్మా. సోమవారం నుంచి రాయి పేలుస్తాం.”

“ఎవలిచ్చిన్రు నీకు గుట్ట?” అంది మా అధ్యక్షురాలు మాసమ్మ.

“మీరే కదమ్మా.” అతను జేబులోంచి ఫోన్ తీసి మా ముందు పట్టుకున్నాడు.

మొన్న బడి ఆవరణలో జరిగిన మా సంఘాల సభ అది. షామియానా, వరసల్లో మేము. మైకులో ఎవరిదో గొంతు: ‘ప్రతిపాదిత ఖనిజ తవ్వకమునకు సభ్యులు తమ సమ్మతిని వ్యక్తపరచవలసినదిగా కోరడమైనది.’ మరుక్షణం గాలికి జొన్నచేను లేచినట్టు చేతులన్నీ ఒక్కసారి లేచాయి.

“ఇవి మీ చేతులు కావా?”

మా అత్త ఫోన్‌ను చూసి, తన చేతిని చూసుకుంది. “చెయ్యి నాదే. గాజులు గూడ నావే. ఎప్పుడు ఇచ్చిన్నో అదే ఎరుక లేదు.”

“మర్చిపోయుంటావులే పెద్దమ్మా.”

“మా ముసలోడు సచ్చిన దినం మర్వలే కొడుకా. గుట్ట ఇచ్చిన దినం మరుస్తనా?”

అతను నవ్వాడు. మేం ఖాళీ గంపలతో దిగి వచ్చాం.

*

మేం ఊళ్ళోకి వచ్చేసరికే ఆ వీడియో ఊళ్ళోకి వచ్చేసింది. ఊరి వాట్సాప్ గ్రూపులో కంపెనీవాళ్ళే పెట్టారు. పంచాయతీ ఆఫీసు ముందు మగవాళ్ళంతా గుంపుగా నిలబడి, ఒకే ఫోన్‌లో తలలు దూర్చి చూస్తున్నారు.

“రాండ్రి తల్లులూ రాండ్రి,” అన్నాడొకడు. “గుట్ట అయిపాయె. ఇగ ఊరు ఎప్పుడు అమ్ముతరు?”

మాసమ్మ సర్పంచును నిలదీసింది. అతను భుజాలు ఎగరేశాడు. “నన్నేం అడుగుతవ్ మాసమ్మా? ఆ సభ మీ సంఘాల సభ. తీర్మానం మీది. నేను సంతకం పెట్టిన్నంటే మీ మర్యాద కోసం పెట్టిన.”

ఇంట్లో నా భర్త లింగం గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మీకొక మాట చెప్పాలి. గుజ్జు పని మొదలైన తర్వాత మా ఇళ్ళల్లోకి వచ్చింది పైసలు మాత్రమే కాదు. ఒక ప్రశ్న కూడా వచ్చింది. ‘ఏమంటవు?’ మేకను అమ్మాలన్నా, బిడ్డను ఏ బడికి పంపాలన్నా, లింగం నా మొహం చూసి ‘ఏమంటవు?’ అనేవాడు. ఆ ఒక్క మాట కోసం మా ఊరి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి చాపల మీద కూర్చుని సంఘం నడిపారు. దెబ్బలు తిని కూడా మీటింగుకు వచ్చారు.

ఆ రోజు లింగం బువ్వ తిని చెయ్యి కడుక్కుని, ఎటో చూస్తూ అన్నాడు. “ఇగ నిన్ను అడిగేది లేదు. అడిగితే చెయ్యెత్తుతవు. చాలు.”

మా అత్త గడప మీద నుంచి విన్నది. “ఒరే లింగా, చెయ్యెత్తినదాండ్ల నేను గూడ ఉన్న. నాకు గూడ చెప్పు.”

“నీకు గూడ అంతే అమ్మా,” అన్నాడతను, చెప్పులు వేసుకుంటూ.

మా ఇంట్లోనే కాదు. ప్రతి ఇంట్లో ఆ పూట ఇదే జరిగింది. కంపెనీ గుట్టమీద ఒక్క రాయి పేల్చకముందే మా కాళ్ళ కింది నేల పేల్చేసింది.

*

మరునాడు గుజ్జు షెడ్డులో మీటింగు. మీటింగు అనకూడదు, జగడం.

“వేదిక మీద కూసున్నది ఎవలు? మాసమ్మ. శాలువ కప్పుకున్నది ఎవలు? మాసమ్మ. మనం కింద కూసున్నం. పైన ఏం మాట్లాడుకున్నరో మనకేం ఎరుక?” అని లేచింది ఒకామె.

“శాలువ ఇంట్ల ఉన్నది. తెచ్చి నీకే కప్పుతా,” అంది మాసమ్మ. “నేను గుట్ట అమ్మిన్నని నోటితోని అను. కండ్లతోని అనకు.”

“అంటున్న. అమ్మినవు.”

మాసమ్మ మొహం రాయైపోయింది. ఆమె భర్త ఇదే కంపెనీ క్వారీలో, వేరే ఊళ్ళో, బండ కింద పడి పోయాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నారు. దెబ్బ తిన్న మంద ముందుగా తనలో తానే పొడుచుకుంటుంది. దాన్ని ఆశించే కదా పైవాడు దెబ్బ వేసేది.

అప్పుడు వచ్చాడు కేశవులు, మా సీసీ. సంఘాలను చూసుకునే ఆఫీసు మనిషి. మాకు సంఘం అనే మాట నేర్పినవాడు. పురుటి నొప్పులు పడుతున్న వాళ్ళను తన బండి మీద ఆస్పత్రికి చేర్చినవాడు. తాగొచ్చి కొట్టే మొగుళ్ళ ఇళ్ళకు పోయి, తిట్లు తిని, మమ్మల్ని మీటింగుకు తెచ్చుకున్నవాడు. అతన్ని చూడగానే సగంమందికి ఏడుపు వచ్చింది.

“అక్కా, ఏడ్వకుండ్రి,” అన్నాడు చాప మీద మా మధ్యలో కూర్చుంటూ. “అయ్యింది అయ్యింది. పెద్దోళ్ళతోని కొట్లాట మనకొద్దు. కంపెనీల స్వీపరు పనులు, వంట పనులు మనకే ఇప్పిస్త. ఇగ మాసమ్మక్క సంగతి. కాగితం మీద అధ్యక్షురాలి మాటే చెల్లుతది. ఆమె రాజీనామా చేస్తె సంఘానికి మచ్చ ఉండదు. అక్కా, మనసుల పెట్టుకోకు, సంఘం బాగు కోసం చెప్తున్న.”

నెమ్మదిగా, నొప్పి తెలియకుండా, ముల్లు తీసినట్టు చెప్పాడు. చాలామంది తలలు ఊపారు.

మా అత్త మాత్రం ఊపలేదు. “సుగుణా, ఆ సినిమా మల్లొకపారి వెయ్యి.”

“ఎందుకత్తా?”

“వెయ్యమంటే వెయ్యి. నన్ను నేను చూస్కుంట. ముసల్దాన్ని, మళ్ళ మళ్ళ సినిమాల కనపడ్తనా?”

నవ్వొచ్చినా ఎవరూ నవ్వలేదు. ఫోన్‌ను బిందెకు ఆనించి పెట్టాను. మైకులో ఆ పుస్తకాల తెలుగు. లేచిన చేతులు.

“ఆపు. నా ఎడమ చెయ్యి ఏడుంది?”

చూశాను. “నా భుజం మీద.”

“నీది?”

“మాణిక్యమ్మ భుజం మీద.”

షెడ్డులో ఒక్కొక్కరే ముందుకు జరిగారు. బొమ్మలో ప్రతి ఆడమనిషి కుడిచెయ్యి పైన ఉంది. ఎడమచెయ్యి పక్కమనిషి భుజం మీద ఉంది. నోరు తెరిచి ఉంది.

అది ఒప్పుకోవడం కాదు. అది మా హాజరు. మీటింగు మొదట్లో ‘సంఘం’ అని పిలుస్తారు. ఎడమచెయ్యి పక్కదాని భుజం మీద వేసి, కుడిచెయ్యి ఎత్తి, ‘ఉన్నం’ అంటాం. పక్కన భుజం దొరకకపోతే ఆమె రాలేదని, ఇంట్లో ఏదో జరిగిందని తెలుస్తుంది. మీటింగు ఆపి మరీ ఆ ఇంటికి పోతాం. అలా పోయి కొందరి ప్రాణాలు కాపాడుకున్నాం.

ఒప్పుకోవడానికి మేం చెయ్యెత్తం. ఏనాడూ ఎత్తలేదు. అత్త చూస్తుండగా కోడలు ఎట్లా ఎత్తుతుంది? అందుకని బట్ట కప్పిన బిందె పెడతాం. సరే అంటే చింతగింజ, కాదంటే గులకరాయి. ఎవరు ఏది వేశారో బిందెకు కూడా తెలియదు. మా అత్త ఎన్నిసార్లు నా మీద రాయి వేసిందో నేను ఈనాటికీ అడగలేదు.

ఈ రెండు పద్ధతులూ మాకు నేర్పింది ఒక్కడే.

“నోట్లె ఏమంటున్నమో చూడు,” అంది మాసమ్మ మెల్లగా. “ఉన్నం అంటున్నం. మన సప్పుడు తీసేసిన్రు.”

కేశవులు లేచాడు. జేబుల్లో బండి తాళం వెతుక్కుంటున్నాడు. “ఎడిటింగు అక్కా. కంపెనీవాళ్ళు ఏమన్న చేస్తరు. మొదట్ల నేను పిలిచిన హాజరును తెచ్చి ఆఖర్ల అతికించిన్రు.”

“మొదట్ల పిలిచినప్పుడు మా ఒళ్ళె ఏం లేదు బిడ్డా,” అంది మా అత్త. “గీ బొమ్మల మిక్చరు పొట్లాలు ఉన్నయి. పొట్లాలు పంచింది ఆ కంపెనీ సారు సదివేటప్పుడు. అప్పుడు మల్లొకపారి పిలిచినవు. నాకిప్పుడు యాదికొచ్చింది. పొట్లం కింద పడ్తదని ఒళ్ళె పెట్టుకొని చెయ్యెత్తిన. రెండోపారి ఎందుకు పిలిచినవు?”

“తినంగనే ఎవరన్న లేచిపోయిన్రేమోనని.”

“మీటింగు చివర్ల హాజరు ఎన్నడన్న పిలిచినవా?”

తాళం అతని చేతిలోనే ఉంది. “నాకు వేరే ఊర్ల మీటింగుంది,” అని బయటికి నడిచాడు. బండి చప్పుడు దూరమైంది.

నమ్మనివాళ్ళు అప్పటికీ ఉన్నారు. “కేశవులు సారు లేకుంటే సంఘమే లేకుండె,” అని మాణిక్యమ్మ ముక్కు చీదింది. “అసుమంటోడు చేస్తడా?”

“అసుమంటోడే చేస్తడు,” అంది మా అత్త. “మనం గుమ్మం దాటనిచ్చినోడే దాటి వస్తడు గదనే.”

“ఊర్ల అడుగుపెట్టని. కాళ్ళు ఇరగ్గొడ్దాం,” అన్నారు కొందరు.

“ఇరగ్గొడ్తె కేసు మనమీద,” అంది మాసమ్మ. అంతకు ముందు ఆమెను అన్న మాటకు ఎవరూ క్షమాపణ అడగలేదు. ఆమె కూడా అడిగించుకోలేదు. “కేసులు నడుస్తుంటయి, గుట్ట పేలుతుంటది. మనకు ఆయన కాళ్ళు వద్దు. నోరు కావాలె. సోమవారం అందరం దారి మీద కూసుందాం. ఏమంటరు?”

బిందె పెట్టాం. బోర్లిస్తే అన్నీ చింతగింజలే. ఒక్క రాయి లేదు.

*

సోమవారం పొద్దున గుట్టదారి నిండా ఆడవాళ్ళం. జేసీబీ ముందు కూర్చున్నాం. వెనక కంపెనీ జీపులు, రెండు పోలీసు వ్యానులు. ఎస్సై లాఠీ ఊపాడు, అరిచాడు. ఆడ కానిస్టేబుళ్ళు నలుగురిని ఈడ్చి వ్యానులో వేశారు. ఆ ఖాళీలో వెనకవాళ్ళు వచ్చి కూర్చున్నారు. మళ్ళీ ఈడ్చారు. మళ్ళీ కూర్చున్నాం. మోచేతులు చెక్కుకుపోయాయి. ఊరి మగవాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. లింగం కూడా ఉన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆర్డీవో మేడం వచ్చింది. కంపెనీ పూజ కోసం తెచ్చిన మైకు చేతికి తీసుకుంది.

“చూడండమ్మా, నా దగ్గర తీర్మానం ఉంది, వీడియో ఉంది. ఆ రోజు ఒప్పుకుని ఈ రోజు కాదంటే ఎట్లా?”

“మేడం, మేం వద్దు అనేది ఏదన్న మమ్ముల అడుగుండ్రి,” అంది మాసమ్మ. “ఎంత వద్దనేదన్న సరే.”

మేడంకు అర్థం కాలేదు. మా అత్త లేచి, ఎంతో మర్యాదగా ఆమె చేతిలోంచి మైకు అందుకుంది.

“అమ్మలారా, అక్కలారా. మన ఊరి మొగోళ్ళందరిని జేసీబీలకెత్తి గుట్ట అవుతల పారబోద్దామని నా ఆలోచన.”

“సంఘం,” అని పిలిచింది మాసమ్మ.

ఎడమచేతులు భుజాల మీదికి పోయాయి. కుడిచేతులు లేచాయి. “ఉన్నం” అన్న మాట గుట్టకు కొట్టుకుని తిరిగి వచ్చింది.

కానిస్టేబుళ్ళు నవ్వారు. మగవాళ్ళ గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది. అందరికంటే వెనక లింగం ఉన్నాడు. అతని కళ్ళు మా భుజాల మీది చేతులను చూస్తున్నాయి. అతనికి అర్థమైందని నాకు తెలిసింది.

“గిట్లనే లేసినయి మేడం ఆనాడు గూడ,” అంది మా అత్త. “గుట్ట పోతె, ఈ లెక్కన మొగోళ్ళు గూడ పోవాలె.”

మేడం నవ్వలేదు. మా చేతులనే చూసింది. “ఇది మీరు ఇవాళ నేర్చుకుని వచ్చారని వాళ్ళంటారు. నేనేం చెప్పను? ఆ రోజు ఏం జరిగిందో చెప్పేవాళ్ళు కావాలి.”

సూపర్‌వైజర్ ముందుకు వచ్చాడు. “నేను చెప్తాను మేడం. వేదిక మీద ఉన్నది ఈ మాసమ్మ. పిలిచింది ఈమె. ఆడవాళ్ళను మోసం చేసి ఉంటే చేసింది ఈమె. మేం ఫిర్యాదు కూడా ఇచ్చాం.”

ఎస్సై మాసమ్మ దగ్గరికి నడిచాడు. ఇదీ వాళ్ళు ముందే రాసిపెట్టుకున్న దారి. మేం కాదంటే ఆమె దొంగ. మేం అవునంటే గుట్ట వాళ్ళది. మేం ఆమె చుట్టూ మూగాం. ఆమె మమ్మల్ని పక్కకు జరిపింది.

“తోల్కపోండ్రి సారు. జైల్ల బువ్వ గూడ మా అసుమంటి ఆడోళ్ళే వండుతరు. గానీ ఒక్క మాట. నేను పిలిచినట్టు చూసినోడు ఎవడు?”

“ఉన్నాడు సాక్షి,” అన్నాడు సూపర్‌వైజర్. “మీవాడే.”

కంపెనీ జీపు తలుపు తెరుచుకుంది. కేశవులు దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మా ముందు నుంచి నడిచాడు. ఒక్కరు కూడా తిట్టలేదు. మాణిక్యమ్మ మాత్రం కొంగుతో మొహం కప్పుకుంది. తన మొదటి బిడ్డ పుట్టిన రోజు అతని బండి మీదే ఆస్పత్రికి పోయిన మనిషి ఆమె.

సూపర్‌వైజర్ మైకు అతని చేతిలో పెట్టాడు. “చెప్పవయ్యా. ఆ రోజు పిలిచింది ఈమే కదా? ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపో.”

అతను అలవాటుగా మైకును వేలితో కొట్టి చూశాడు. ఎస్సై చెయ్యి అప్పటికే మాసమ్మ రెక్క మీద ఉంది. కేశవులు ఆ చేతిని చూశాడు. మా ఎవరి వైపూ చూడలేదు. గొంతు సవరించుకుని మాట్లాడాడు.

“మాసమ్మక్కను వదలండ్రి సార్. పిలిచింది ఆమె కాదు, నేను. మైకుల నుంచి కాదు, షామియానా కింద నిలబడి పిలిచిన. అందుకనే వీడియోల తీసేయనీకి అల్కగయింది. తీసేయమన్నది గూడ నేనే. ఈ అక్కలు ఎవ్వల మాటకు చెయ్యెత్తరు మేడం. లీడర్ అడిగితె ఎత్తరు, మొగుడు కొడ్తె ఎత్తరు. నేను పిలిస్తె ఎత్తుతరు. ఆ సంగతి కంపెనీకి ఎట్ల తెలిసిందంటరా? నేనే పోయి చెప్పిన. పెండ్లాం పిల్లలని, అప్పులని చెప్పొచ్చు గానీ అది అబద్ధం. ఇన్నేండ్లు ఊర్లల్ల సారు సారు అంటరు, ఆఫీసుల పోతె నాకు కూసోనీకి కుర్చీ లేదు. కుర్చీ ఇప్పిస్తమన్నరు. పర్మినెంటు కుర్చీ. దానికి చేసిన. ‘గుట్ట ఇస్తరా’ అని మామూలుగ అడిగితె ఒక్క కాశమ్మత్త చాలు మీటింగు ఎత్తగొట్టనీకి. అందుకనే ఆ సమ్మతి, ఆ వ్యక్తపరచుట, ఆ మాటలన్ని నేనే రాసిచ్చిన. ఎవ్వలకు అర్థం కావద్దని రాసిన. సారు ఆఖరి అక్షరం సదవంగనే సంఘం అన్న. వాళ్ళు గుట్ట ఇస్తమనలే మేడం. ఉన్నమన్నరు. ఒప్పుకున్నది నేనొక్కన్నే.”